హన్మమ్మ తవ్వించిన కుంట

తాండూరులో ఆటో ఎక్కితే ఇరవై నిమిషాల్లో మా బడి ఉన్న ఊరు వస్తుంది. అక్కడ టీచరుగా చేరిన ఏడాది నాకు అష్రఫున్నీసా గారి ఇంట్లో వెనకగది అద్దెకు దొరికింది. ఆమె భర్త మొహియుద్దీన్ గారు బస్టాపు దగ్గర బట్టలు కుట్టే దుకాణం నడిపేవారు. నా గది కిటికీ తెరిస్తే పక్కింటి పెరడంతా కనిపించేది. ఆ పెరడు హన్మమ్మది.

హన్మమ్మకు అప్పుడు యాభై మూడేళ్లు. పుట్టిల్లు బొంరాస్‌పేట దగ్గరి పల్లె, గొర్రెలు కాచుకునే కురుమల ఇల్లు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. మందను అదిలించే గొంతుతోనే మనుషులతోనూ మాట్లాడేది కాబట్టి, ఆమె చెవిలో చెప్పిన రహస్యం కూడా వీధి చివర కిరాణా కొట్టుదాకా వినిపించేది. భర్త ఈరయ్య అందుకు పూర్తిగా వేరు. తక్కువ మాట్లాడేవాడు. ఆ తక్కువలో కూడా మొదటి మాట ఎప్పుడూ "కాదు" అనే ఉండేది. ఏ పనికైనా ముందు కాదనేసి, ఆ తర్వాత మంచం మీద కూర్చుని నిదానంగా ఆలోచించేవాడు.

వాళ్లకు నలభై రెండు గొర్రెలు. ఉన్ని కత్తిరించే ముందు వాటిని శుభ్రంగా కడగాలి, లేకపోతే దుమ్ముకు కత్తెర నడవదు. ఊరి చెరువు మూడు కిలోమీటర్ల దూరం, ఎండలు ముదిరేసరికి అడుగంటేది. ఆ ఏడు ఏప్రిల్లో ఇంటి ముందున్న బోరు నీళ్లు బకెట్లతో పట్టి కడగడం మొదలుపెట్టారు. ఒక్కో గొర్రెకు ఆరేడు బకెట్లు. పదో గొర్రెను కడిగేసరికి మొదట కడిగినది హాయిగా దుమ్ములో పొర్లాడుతోంది. హన్మమ్మ దానివైపు చూసింది, చేతిలో ఉన్న బకెట్ వైపు చూసింది, బకెట్‌ను విసిరికొట్టింది.

"నేను కుంట తవ్విస్త" అంది.

"ఏడ?" అన్నాడు ఈరయ్య.

"గీడనే. మన ఇంటెనుక."

"కాదు. గీడ నాలుగు గజాలు పోకముందే బండ తగుల్తది."

"బండ సంగతి నాకు చెప్పకు" అంది హన్మమ్మ.

ఆ మాట అనే హక్కు ఆమెకు ఉంది. ఇరవై ఐదేళ్ల కిందట వరుసగా రెండేళ్లు వానలు పడక, మేత లేక, ఉన్న మందంతా అమ్ముకుని మొగుడూ పెళ్లాలిద్దరూ తాండూరు బండల గనుల్లో పనికి వెళ్లారు. ఈరయ్య నెల రోజులుండి, ఆ దుమ్ము తనకు పడదని తిరిగొచ్చి ఇతరుల గొర్రెలు కాశాడు. హన్మమ్మ అక్కడే పదకొండేళ్లు చేసింది. మొదట్లో తట్టలతో రాళ్ల ముక్కలు మోసింది. అక్కడ మల్లేశప్ప అని కర్ణాటక వైపు నుంచి వచ్చిన ముసలి మేస్త్రి ఉండేవాడు. ఆయన బండ మీద సుత్తితో చిన్నగా తట్టి, చెవి దానికి ఆనించి, ఎక్కడ చీలుతుందో చెప్పేవాడు. ఆ ప్రాంతపు బండ భూమిలో పొరలు పొరలుగా పరచుకుని ఉంటుంది. పొర కింద సందు ఉంటే చప్పుడు మొద్దుగా వస్తుంది, సందు లేకుండా అతుక్కుని ఉంటే గంటలా మోగుతుంది. మధ్యాహ్నం అందరూ నీడన కునుకు తీస్తుంటే హన్మమ్మ ఆయన పక్కన నిలబడి చూసేది. ఒకరోజు ఆయన సుత్తి ఆమె చేతికిచ్చి, "కేళు" అన్నాడు. విను అని. ఆడమనిషికి సుత్తి ఇచ్చాడని మిగతావాళ్లు నవ్వారు. రెండేళ్లు గడిచాక కొత్త పొర తీసే ముందు హన్మమ్మను పిలవకుండా గడ్డపార ఎత్తడం మానేశారు.

ఆ కూలి డబ్బుల్లోంచే ఆరు గొర్రెలు కొనుక్కుని ఊరికి తిరిగొచ్చింది. ఇప్పటి మందంతా ఆ ఆరింటి సంతతి.

కుంట సంగతి మాట్లాడటానికి తాండూరు నుంచి అమ్జద్ వచ్చాడు. ముప్పై ఏళ్ల లోపు మనిషి, సొంత జేసీబీ తనే నడుపుకుంటాడు. పెరడంతా అడుగులు వేసి కొలిచి, ఇంటి పక్క సందులోకి వచ్చి ఆగిపోయాడు.

"పెద్దమ్మా, గీ సందుల మంచం పోతది. నా బండి పోదు."

"మరెట్ల?"

అమ్జద్ అష్రఫున్నీసా గారి పెరడు వైపు చెయ్యి చూపించాడు. "గాడికెళ్లి రావాలె."

రెండు పెరళ్లకూ మధ్య నిలువుగా పాతిన తాండూరు బండల గోడ ఉంది. బండలు పీకితే దారి వస్తుంది. కానీ ఆ రెండు ఇళ్లకూ నాలుగు నెలలుగా మాటల్లేవు. అష్రఫున్నీసా గారు రంజాన్ కోసమని పెంచుకుంటున్న గోరింటాకు చెట్టును హన్మమ్మ గొర్రెలు మూడు ఒక మధ్యాహ్నం లోపలికి దూరి కొమ్మలతో సహా తినేశాయి. పండుగకు ఆమె చేతులు బోసిగా ఉండిపోయాయి. అప్పటి నుంచి హన్మమ్మ పేరు ఎత్తితే చాలు, ఆమె ఖాళీ అరచేతులు రెండూ చాపి చూపించేది.

హన్మమ్మ కిటికీ దగ్గరికి వచ్చి నన్ను పిలిచింది. "టీచరమ్మా, జర నువ్వు అడుగరాదు?" తన లెక్కలో అది గుసగుస. లోపల రొట్టెలు చేస్తున్న అష్రఫున్నీసా గారికి ఒక్క అక్షరం పోకుండా వినిపించింది.

"గోడ నాది. అడిగేటోళ్లు నన్ను అడగాలె" అని వంటింట్లోంచే జవాబు వచ్చింది.

హన్మమ్మ వెళ్లి బస్సెక్కింది. సాయంత్రానికి తాండూరు నర్సరీ నుంచి మోకాలెత్తు గోరింటాకు మొక్క పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడి, ఉర్దూలో అక్కను పిలిచినట్టు పిలిచింది.

"ఆపా, నా గొర్లు తిన్నయ్. నాదే తప్పు. ఇగో, తెచ్చిన."

అష్రఫున్నీసా గారు మొక్కను ఆకాకూ తిప్పి చూసింది. "తాండూరు దాకా బస్సెక్కనీకి నీకు నాలుగు నెలలు పట్టిందా?"

"సిగ్గయింది."

"సిగ్గు! నీకు!" అని ఆమె నవ్వేసింది. "బండలు పీక్కోండి. కానీ ఒక మాట. కుంట నిండినంక నేను బాతులు తెచ్చుకుంట. గవి నీ కుంటల ఈదుతయ్. నువ్వు గాని, మీ ఆయన గాని ఏమనొద్దు."

"బాతులేంది ఆపా, బర్రెనే తెచ్చుకో" అంది హన్మమ్మ.

బడికి వేసవి సెలవులిచ్చిన మర్నాడు మిషన్ వచ్చింది. వికారాబాద్‌లోని మా ఇంటికి వెళ్లాల్సిన నేను పొద్దున బస్సు మానుకున్నాను. అమ్జద్ ఒక్కో బండకు గొలుసు చుట్టి, జేసీబీ బకెట్‌కు తగిలించి, అప్పడంలా పైకి తీసి పక్కన పేర్చాడు. ఎనిమిది బండలు తీశాక దారి వచ్చింది. పసుపుపచ్చని ఆ మిషన్ అష్రఫున్నీసా గారి పెరట్లోంచి వస్తుంటే ఆమె దానికి ముందు వెనక్కి వెనక్కి నడుస్తూ, దుపట్టా ఊపుతూ, "ఆహిస్తా బేటా, ఆహిస్తా! బట్టల బండ! గాబు, గాబు!" అని దారి చూపించింది. ఆమె నీళ్ల గాబుకూ చక్రానికీ మధ్య బెత్తెడు సందు కూడా లేదు. దాటగానే చూడ్డానికి వచ్చినవాళ్లంతా చప్పట్లు కొట్టారు.

మొదట నల్లరేగడి వచ్చింది. దాన్ని వేరుగా కుప్ప పోయమంది హన్మమ్మ. దాని కింద పచ్చని మొరం. పదకొండు గంటలకు, అయిదడుగుల లోతున, బకెట్ పళ్లు కర్రుమన్నాయి. అమ్జద్ ఇంకోసారి దించాడు. పళ్లు బండ మీద గీరుకుంటూ జారిపోయాయి, మిషన్ ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. ఇంజన్ తగ్గించి కిందికి దిగాడు.

"పెద్దమ్మా, ఇగ నాతోని కాదు. బ్రేకర్ బండి కావాలె. తాండూరుల ఒక్కటే ఉన్నది, గదీ వారం దాకా ఖాళీ లేదు."

"నేను చెప్పిన" అన్నాడు ఈరయ్య మంచం మీద నుంచి.

హన్మమ్మ అతని వైపు చూడనేలేదు. చీర కొంగు నడుముకు బిగించింది. ఇంట్లోంచి సుత్తి, చీపురు తెచ్చుకుని గుంతలోకి దిగింది. బండ మీద మట్టంతా ఊడ్చింది. మోకాళ్ల మీద కూర్చుని, తలెత్తి, "ఇంజన్ బంద్ చెయ్యి" అంది.

ఇంజన్ ఆగింది. ఆమె తట్టడం మొదలుపెట్టింది. ఒకచోట తట్టేది, చెవి ఆనించేది, జానెడు జరిగేది. పావుగంట అలా తట్టుకుంటూ ఉత్తరం మూలకు వెళ్లి ఆగింది. అక్కడ మూడుసార్లు తట్టింది. నా కిటికీ దాకా తేడా తెలిసింది. అప్పటిదాకా టంగుమన్నది అక్కడ డబ్‌మంది. ఇటుక ముక్కతో అడ్డంగా గీత గీసింది.

"అమ్జద్, గీ గీత మీద పళ్లు పెట్టు. గుద్దకు. జర లోపటికి పోనిచ్చి, మెల్లగ పైకి లేపు."

"పళ్లిరుగుతయ్, పెద్దమ్మా."

"ఇరిగితే కొత్తయి నేనేపిస్త. లేపు."

ఆమె బయటికి వచ్చాక అతను భయం భయంగా బకెట్ దించాడు. పళ్లు గీత దగ్గర ఆనాయి, కొంచెం కదిలాయి, ఎక్కడో సందు దొరికి లోపలికి జారాయి. తరువాత మంచమంత వెడల్పు బండ, నాలుగు వేళ్ల మందం, ఒక్క ముక్క కూడా విరగకుండా అలవోకగా పైకి లేచింది. కింద వందల ఏళ్లుగా ఎండ చూడని తడి మట్టి నిగనిగలాడింది. జనం ఒక్కసారిగా అరిచిన అరుపుకు ఇంటి ముందు కట్టేసిన గొర్రెలన్నీ జవాబిచ్చాయి.

అమ్జద్ మిషన్ దిగి వచ్చి ఆ బండ అంచును చేత్తో తడిమాడు. "ఏడేండ్ల సంది నడుపుతున్న. గిట్ల నేనెన్నడు సూడలే. నీకు గిది ఎవరు నేర్పిండ్రు?"

"ఒక పెద్దమనిషి. నువ్వు ఎక్కు, పొద్దు పోతది."

ఆ సాయంత్రానికి పంతొమ్మిది బండలు వచ్చాయి. ఒక పొర, దాని కింద ఇంకొకటి, దాని కింద మరొకటి. ఎనిమిదడుగుల లోతుకు వెళ్లాక నాలుగో పొర మీద తట్టి ఆమె లేచి నిలబడింది. "గిది మోగుతున్నది. దీన్ని ముట్టద్దు. గిదే అడుగు."

అందరూ వెళ్లాక ఈరయ్య మంచం దిగి వచ్చాడు. మందను దించడానికి వదిలిన ఏటవాలు మీదుగా గుంతలోకి నడిచి, మధ్యలో నిలబడి, నాలుగు వైపులా చూశాడు.

"నీళ్లు యాడిదాక వస్తయంటవ్?"

హన్మమ్మ గట్టు మీద నుంచి చెయ్యి చాపి అతని తలపాగాకు రెండడుగుల పైన చూపించింది. అతను నీళ్లు అప్పుడే వచ్చినట్టు ఒక అడుగు వెనక్కి వేశాడు.

జూన్‌లో బడులు తెరిచే నాటికి నేను తిరిగొచ్చాను. తీసిన బండలతో అష్రఫున్నీసా గారి వైపు మెట్లు కట్టించారు, చిన్నపిల్లలు పడకుండా చుట్టూ తడిక అల్లారు. ఆ వారమే మొదటి వాన పడింది. సాయంత్రానికి కుంటలో మోకాలి లోతు నీళ్లు. హన్మమ్మ మా ఇంటికి బెల్లం పంపింది. తెల్లారి చూస్తే అడుగున బురద తప్ప ఏమీ లేదు.

ఆ పొద్దు ఈరయ్య "నేను చెప్పిన" అనలేదు. అదే అందరికీ ఎక్కువ బాధగా అనిపించింది. హన్మమ్మ మెట్టు మీద కూర్చుని మధ్యాహ్నం దాకా లేవలేదు. ఆ గొంతు వినపడక వీధంతా ఖాళీ అయినట్టుంది. అష్రఫున్నీసా గారు రొట్టె, పప్పు తెచ్చి పక్కన పెట్టి, తనూ కూర్చుంది.

ఎవరు చెప్పారో, అమ్జద్ బైకు మీద వచ్చాడు. దిగి చూసి, "అడుగు మంచిగనే ఉన్నది. పక్కల మీద బండల సందులకెళ్లి నీళ్లు పోతున్నయ్. నల్లమట్టి మెత్తి, రోలర్‌తోని గట్టిగ నొక్కాలె. కానీ రోలర్ గీ గుంతల దిగదు. నా బండి దిగితే బురదల ఎక్కదు" అన్నాడు.

"ప్లాస్టిక్ పట్టా ఏస్తరు కదా, గా పొలాల కాడ?" అంది హన్మమ్మ.

"గొర్ల డెక్కలకు రెండు రోజులు ఆగది, పెద్దమ్మా."

అప్పుడు మంచం మీద నుంచి ఈరయ్య గొంతు వచ్చింది.

"గొర్లనే తోలుండ్రి."

ముగ్గురూ తిరిగి చూశారు.

"మా నాయిన చేసేటోడు. పొలంల నీళ్ల గుంతకు నల్లమట్టి పోసి, తడిపి, మందను గుండ్రంగ తిప్పేటోడు. డెక్కలు చిన్నగుంటయ్, లోపలి దాక నొక్కుతయ్. మనిషి తొక్కితే పైపైననే అయితది" అన్నాడు. పెళ్లయి ముప్పై మూడేళ్లలో అతను ఒక్కసారిగా అంత మాట్లాడటం అదే మొదటిసారని హన్మమ్మ తర్వాత నాకు చెప్పింది.

మర్నాడు మళ్లీ మిషన్ వచ్చింది. అమ్జద్ గట్టు మీదే నిలిపి, పొడవాటి చెయ్యి చాపి, హన్మమ్మ ముందుచూపుతో వేరుగా పోయించిన నల్లరేగడిని గుంత అడుగునా పక్కల మీదా పరిచాడు. పక్కలు మరీ నిటారుగా ఉన్నచోట మట్టి ఎక్కువ పోసి ఏటవాలు చేశాడు. బోరు పైపుతో దాన్ని తడిపారు. ఈరయ్య కర్ర పట్టుకుని మధ్యలో నిలబడి నాలుకతో ఒక చప్పుడు చేశాడు. నలభై రెండు గొర్రెలు దిగి అతని చుట్టూ తిరగడం మొదలుపెట్టాయి. ముందు ఒక ముసలి గొర్రె, దాని వెనక మిగతావన్నీ, నల్లమట్టి పొట్టల దాకా పూసుకుని. అవి ఆగినప్పుడల్లా అష్రఫున్నీసా గారు గట్టు మీద సుబాబుల్ కొమ్మలు ఊపుతూ అటుకొసకు ఇటుకొసకు పరుగెత్తేది. ఇంకో చేతిలో మాత్రం బెత్తం వదలలేదు, గోరింటాకు మొక్క కాపలాకు. బడి వదిలాక పిల్లలంతా తడిక చుట్టూ చేరి గొర్రెల చుట్లు లెక్కపెట్టారు. నూట ఇరవై దాకా లెక్కపెట్టి తగువులాడుకుని మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టారు.

రెండు రోజులు తొక్కించాక హన్మమ్మ వెళ్లి మడమతో పొడిచి చూసింది. మడమ దిగలేదు.

జూలైలో ముసురు పట్టింది. మూడు రోజులు ఎడతెరిపి లేదు. ఈరయ్య గొంగడి కప్పుకుని గంటకోసారి కర్రతో లోతు కొలిచి వచ్చేవాడు. కొలిచాక ఊరుకోలేకపోయేవాడు. నేను గొడుగేసుకుని బడికి వెళుతుంటే గేటు దగ్గర ఆపి, "టీచరమ్మా, మోకాలు దాటింది" అన్నాడు. సాయంత్రం వస్తుంటే, "నడుము." మర్నాడు బస్టాపులో, మొహియుద్దీన్ గారి దుకాణంలో, కిరాణా కొట్టులో అతని మాటే. మూడో రోజు నా కిటికీ మీద కర్రతో తట్టి ఒక్కటే అన్నాడు: "నాకందలేదు."

వాన వెలిశాక ఒక్క రోజు చూశారు, రెండు రోజులు చూశారు, వారం చూశారు. నీళ్లు గట్టుకు జానెడు కింద నిలిచే ఉన్నాయి. ఎనిమిదో రోజు పొద్దున హన్మమ్మ మెట్లు దిగింది. ఒక్కో మెట్టూ దిగి, చీరతోనే నీళ్లలో మెడ దాకా కూర్చుండిపోయింది. "ఆపా! దా! మస్తు చల్లగున్నయ్!" అని కేకేసింది. అష్రఫున్నీసా గారు ససేమిరా అంటూనే చెప్పులు విడిచి పాదాలు నీళ్లలో పెట్టింది. అలా ఇద్దరూ ఎంతసేపు నవ్వుకున్నారో, ఏం చెప్పుకున్నారో గానీ ఆ రోజు రెండిళ్లలోనూ వంట ఆలస్యమైంది.

ఆదివారం నాడు గొర్రెలు కడిగారు. అమ్జద్ భార్య ముబష్షిరాను, రెండేళ్ల కూతురిని తీసుకుని వచ్చాడు. తను తవ్విన గుంతలో నీళ్లు చూడటం అతనికి అలవాటే గానీ, గొర్రెలు ఈదడం చూడటం అదే మొదలట. ఈరయ్య ఒక్కోదాన్ని పట్టి వదిలితే అది తల పైకెత్తి అవతలి ఏటవాలుకు ఈదుకుంటూ వెళ్లేది. అక్కడ హన్మమ్మ నడుములోతు నీళ్లలో నిలబడి రుద్దేది. అష్రఫున్నీసా గారి ఆరు బాతులు మూలకు చేరి గొడవ గొడవగా అరిచాయి. అవి తెల్లవి. ఇక గొర్రెలంటారా, ఏడాదిగా కిటికీలోంచి నేను బూడిదరంగువని అనుకుంటున్నవన్నీ కడిగాక కాటుకలా నల్లగా మెరుస్తూ బయటికొచ్చాయి. చూడ్డానికి వచ్చినవాళ్లకు అష్రఫున్నీసా గారు డేక్షా నిండా చాయ కాచి పోసింది. పీకిన ఎనిమిది బండలూ మళ్లీ పాతాలన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ దారిన ఇప్పుడు రెండిళ్ల మనుషులూ నడుస్తున్నారు.

ఇదంతా అమ్జద్ ఎక్కడ పనికి వెళితే అక్కడ చెప్పుకొచ్చాడు. దానితో హన్మమ్మకు కొత్త పని ఒకటి వచ్చిపడింది. గుంత తవ్వుతూ బండ తగిలినవాళ్లు ఆమెకు కబురు పెట్టసాగారు. నవాబుపేట దగ్గర అంజిలయ్య అనే రైతు అంత దూరం నుంచి కారు పంపించాడు. ఆమె వెళ్లి రెండుసార్లు తట్టి, "గిది మా దిక్కు బండ కాదు తమ్మీ. గుండు. దీంట్ల పొరలుండయ్. గుంతను జర అటు జరుపుకో" అని చెప్పి, వాళ్లింట్లో భోజనం చేసి వచ్చింది. ఆ నిజాయితీతో ఆమె పేరు ఇంకా పెరిగింది.

మొన్న సెప్టెంబర్లో ఒక పొద్దున వాళ్ల వాకిట్లో ఉన్ని కత్తిరింపు జరుగుతోంది. హన్మమ్మ ఒక గొర్రెను ఒడిలో పడుకోబెట్టుకుని కత్తెర ఆడిస్తోంది. ఈరయ్య మోగుతున్న ఫోన్ పట్టుకొచ్చాడు.

"బషీరాబాద్ దిక్కు నుంచి. మిషన్ ఆగిందట. నువ్వెప్పుడొస్తవంటున్నరు."

"ఇంక మూడు గొర్లున్నయ్. చాయ తాక్కుంట కూసోమను" అంది ఆమె, తల ఎత్తకుండా.

ఈరయ్య ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. భార్య వైపు, ఆ మూడు గొర్రెల వైపు చూశాడు.

"ఆఁ, బయలెల్లింది" అన్నాడు మర్యాదగా. "తోవల ఉన్నది."